డోర్కాసమ్మ నోట్లో ఏడు గుండుసూదులు

డోర్కాస్ ఆగ్డెన్ అని అడిగితే మా నాటకాలవాళ్ళలో ఎవరికీ తెలియదు. డోర్కాసమ్మ అని అడిగి చూడండి. లీడ్స్ నుంచి ప్లిమత్ దాకా ఏ థియేటరు వెనక గుమ్మం దగ్గరైనా ఒక ముసలాయన నవ్వడం మొదలుపెడతాడు. ఆమె మీద కథలు బోలెడు పుట్టాయి. ఒక్క పగట్లో నలభై గౌన్లకు లేసు కుట్టిందని, సింహం వేషం తోకతో మేనేజరును కొట్టిందని! తోక సంగతి నిజమే. మిగతావి ఉత్త కోతలు. అసలైన కథ మాత్రం నాకొక్కదానికే తెలుసు. ఎందుకంటే అందులో దొంగ వేషం నాది. మా అత్త నన్ను నోట్లో నువ్వుగింజ నానదని తిట్టిపోసేది. ఈ ఒక్క గింజ ముప్పై ఏళ్ళు నానింది చూడు అత్తా! మొన్న ఫిబ్రవరిలో డోర్కాసమ్మ డెబ్బై మూడేళ్ళు నిండి హాయిగా వెళ్ళిపోయింది. ఇక చెప్పొచ్చు.

ఆమెది బ్రిగ్‌హౌస్. పదేళ్ళకే సగం రోజు బడి, సగం రోజు మిల్లు. అయితే గొంతు ఉంది. మిల్లులో మగ్గాల రొదలో కూడా ఆమె పాట అవతలి గోడ దాకా వినిపించేదట. పదిహేడో ఏట హాలిఫాక్స్‌లో ఒక పాటల నాటకం కంపెనీ దిగితే, చెప్పులు చేత్తో పట్టుకుని నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళి కోరస్‌లో చేరింది. అప్పుడే ఆ కంపెనీలో కొత్తగా చేరిన మిస్టర్ క్రాబ్‌ట్రీ, తర్వాత మా అందరికీ మేనేజరై మా ప్రాణాలు తీసిన మహానుభావుడు, ఆమె పాట విని, "వచ్చే ఆటలో నీకొక మాట ఇస్తాను పిల్లా" అన్నాడు.

వచ్చే ఆట రాకముందే బర్న్‌లీలో బట్టలు చూసుకునే ఆవిడకు తట్టు పోసింది. "ఒక్క వారం నువ్వు చూసుకో" అన్నాడు క్రాబ్‌ట్రీ. సూది పట్టడం వచ్చిన పిల్ల కదా, సరేనంది. ఆ ఒక్క వారం ఇరవై ఆరేళ్ళు నడిచింది.

నేను కంపెనీలో చేరేనాటికి ఆమెకు నలభై దాటాయి. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, మెడలో ఎప్పుడూ కొలతల టేపు, నోట్లో ఎప్పుడూ గుండుసూదులు. ఆ సూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడేది, తిట్టేది, పాడేది, ఒట్టు, టీ కూడా తాగేది. ఒంటిమీద ఒక్క కొత్త గుడ్డ ఉండేది కాదు. జిప్సీ వేషం లంగా, డచెస్ వేషం చేతులు, పోలీసు కోటు బొత్తాలు. నడిచొస్తుంటే పది నాటకాలు కలిసి వస్తున్నట్టుండేది.

ఆమె పట్టింపులు ఆమెవి. తెల్ల తోలు గ్లవ్స్‌ని ఎండు రొట్టె ముక్కతో రుద్ది శుభ్రం చేసేది తప్ప బెంజీను ముట్టేది కాదు. క్రాబ్‌ట్రీ కోటు మరకల కోసం తెచ్చుకున్న బెంజీను సీసా ఒకటి, ఏ ఊళ్ళో ఆడినా, ఆమె బట్టల గదిలో మూల అలమరలో ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా, "ఆ కంపు వారం దాకా వదలదు. పైగా పక్కన ఎవడైనా చుట్ట కాల్చాడా, కంపెనీ మొత్తం బూడిద" అనేది.

ఒక ఆదివారం క్రూ స్టేషన్లో రైలు మారడానికి కూచున్నాం. మా ట్రంకు పెట్టెల పక్కనే చేపల పెట్టెలు. ఆదివారం రైళ్ళలో తిరిగేది చేపలూ నాటకాలవాళ్ళే కదా. క్రాబ్‌ట్రీ ప్లాట్‌ఫారం మీద పచార్లు చేస్తూ ఆమెను చూసి, "కొత్త ఆట వస్తోంది డోర్కాసమ్మా! వచ్చే ఆటలో నీకో మాట!" అని నవ్వి వెళ్ళిపోయాడు. అది ఆయనకు జోకు. ఏడాదికి రెండుసార్లు వేస్తాడు.

"ఎన్ని మాటలండీ?" అంది ఆమె వెనక నుంచి.

"ఒక్కటే!"

"ఒక్కటి చాలండీ" అని మళ్ళీ మేజోడు రఫూ చేసుకోసాగింది. నాకు ఒళ్ళు మండింది.

"నీకెందుకమ్మా అంత పిచ్చి? నాకు మూడు మాటలున్నాయి. 'టీ తెచ్చానండీ', 'దొరగారు వచ్చారండీ', 'అయ్యో'. వాటివల్ల నాకు ఒరిగిందేముంది?"

ఆమె నోట్లోంచి సూదులు తీసింది. సూదులు తీసిందంటే నిజం చెప్పబోతోందని అర్థం.

"ఇరవై ఆరేళ్ళుగా జనం నవ్వు పక్క నుంచే వింటున్నానే. స్టేజీ పక్కన వింగులో నిలబడితే అది మీ మొహాలకు తగిలి, తెరకు తగిలి, చల్లారిపోయి వస్తుంది నా దగ్గరికి. ఒక్కసారి వేడివేడిగా ఎదురుగా తగిలితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. అంతే. ఆ తర్వాత చచ్చేదాకా బొత్తాలు కుట్టుకుంటా, మాటంటే ఒట్టు."

  చేపల వాసన పీలుస్తూ కూచున్నాను.

ఆ కొత్త ఆట పేరు 'టోపీల డచెస్'. కథ అడక్కండి. మొదటి అంకంలో అందరూ టోపీల కొట్లో ఉంటారు. రెండో అంకంలో అందరూ పోర్చుగల్ అవతల ఒక దీవిలో ఈత బట్టల్లో ఉంటారు. ఎందుకో రాసినాయనకు కూడా తెలియదు. మూడో అంకంలో ఏడు జంటలకు పెళ్ళి. కొట్లో పనిచేసే పిల్ల దొరను పెళ్ళాడి డచెస్ అవుతుంది. నవ్వించే వేషం కొట్టు యజమానిది. అది మా మిస్టర్ పెప్లోది. ఆయన బొద్దుగా, గుమ్మడికాయకు మీసాలు పెట్టినట్టు ఉంటాడు. స్టేజీ మీద కొరివిదయ్యం, కింద బంగారం. అందరికీ పెళ్ళిళ్ళయిపోయి ఆయనొక్కడూ మిగిలిపోతాడు. ఆయన చెప్పే ఆఖరి మాటతో తెర పడుతుంది.

ఆ ఆఖరి మాట గురించి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వాళ్ళలో ఏ నాటకానికైనా ఆఖరి మాట రిహార్సల్లో నోటితో అనకూడదు. అంటే ఆట చచ్చిందే. జనం ఎదురుగా మొదటిరోజు మొదటిసారి అనాలి. అందాకా అక్కడికి రాగానే "లలలా" అనేసి ఇళ్ళకు పోతాం. ఇది అందరూ పాటించేదే. క్రాబ్‌ట్రీకి మాత్రం అంతకు ముందు ఏడాది ఓల్డ్‌హామ్‌లో ఒక అమ్మాయి నోరుజారి ఆ మాట అనేసినప్పట్నుంచి వెర్రి ముదిరింది. ఆ వారంలోనే మా రంగుతెరల బండి కాలువలో పడింది మరి. అందుకని ఈసారి ఆ మాట ప్రాంప్టరు పుస్తకంలో కూడా రాయనివ్వలేదు. ఆ చోట ఖాళీ. రాసినాయన ఒక చీటీ మీద రాసి పెప్లోకి ఇచ్చాడు. లోకం మొత్తానికి అదొక్కటే ప్రతి.

ఇక్కడే ఉంది చిక్కు. మీకు తెలుసో తెలియదో, మా జాతికి కంఠస్థం అంటే నిజంగా కంఠంలోనే. కంటితో చదివింది గుర్తుండదు. నోటితో యాభైసార్లు అంటేనే బుర్రకెక్కుతుంది. అనకూడని మాట ఎలా ఎక్కుతుంది? పెప్లో తెలివైనవాడు కదా, ఆ మాటను మూడో అంకంలో తొడుక్కునే చొక్కా కఫ్ మీద పెన్సిలుతో రాసుకున్నాడు. ఆ చీటీతో పైపు వెలిగించుకున్నాడు.

డోర్కాసమ్మ ఆ చొక్కా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసింది.

ఆమె తప్పేం లేదు. పెప్లో కఫ్‌ల మీద ఎప్పుడూ ఏదో ఒక రాత ఉంటుంది. గుర్రాల పేర్లు, రేపటి ఊళ్ళో బస ఇచ్చే ఇంటావిడ అడ్రసు, ఆ ఇంటావిడ ఉడికించే ఉల్లిపాయల కూర బావుండదన్న హెచ్చరిక. ఆమె అన్నీ చదివి, నవ్వుకుని, ఉతికేసేది. ఇదీ చదివింది. నవ్వుకుంది. ఉతికేసింది.

క్రిస్మస్ మర్నాడు హడర్స్‌ఫీల్డ్‌లో మ్యాట్నీతో మొదలు. హాలు కిటకిటలాడిపోయింది. పిల్లలు, తాతలు, నారింజ పళ్ళు, తడి కోట్ల వాసన. పైగా కుడిచేతి బాక్సులో లండన్ నుంచి వచ్చిన ఒక థియేటరు ప్రొప్రైటరు. పండక్కి చెల్లెలింటికి వచ్చి, ఏమీ తోచక ఆట చూడ్డానికి వచ్చాడు. క్రాబ్‌ట్రీకి ఆ సంగతి తెలిసి తెర వెనక ఒంటికాలి మీద గెంతుతున్నాడు. "ఆయనకి నచ్చితే లండన్! నచ్చకపోతే మనందరం ఈస్టర్‌కి బజార్లో! తెర వెనక ఈల అపశకునం, ఎవరైనా ఈలేశారంటే చంపేస్తా!"

మొదటి అంకం అదిరింది. రెండోది, ఆ దిక్కుమాలిన దీవి, ఇంకా అదిరింది. మూడో అంకంలో ఏడు పెళ్ళిళ్ళూ అయ్యాయి. బ్యాండు గప్పున ఆగింది. పెప్లో ముందుకొచ్చి, నిట్టూర్చి, చెయ్యెత్తి కఫ్ వంక చూసుకున్నాడు.

తెల్లగా ఉంది. పాలమీగడలా ఉంది.

ఆయన రెండో కఫ్ చూశాడు. మళ్ళీ మొదటిది చూశాడు. చొక్కా లోపల చూసుకున్నాడు. జనం నవ్వుతున్నారు, ఇదీ ఆటలో భాగమే అనుకుని. ప్రాంప్టరు వంక చూశాడు. ప్రాంప్టరు పుస్తకం ఎత్తి ఖాళీ పేజీ చూపించాడు. నేను మూడో పెళ్ళికూతుర్ని, పక్కనే ఉన్నాను. పెప్లో మీసాల కింద నుంచి, "లెట్టీ, ఆ మాటేంటే?" అన్నాడు. "నాకేం తెలుసండీ! మీరే కదా పైపు ముట్టించుకున్నారు!" అన్నాను. నవ్వు సన్నగిల్లింది. ఎవరో దగ్గారు. బాక్సులో లండన్ ఆయన గడియారం తీశాడు. కొంప మునిగిందనుకున్నాను.

అప్పుడు వింగులోంచి డోర్కాసమ్మ నడిచొచ్చింది.

జిప్సీ లంగా, పోలీసు బొత్తాలు, మెడలో టేపు. తిన్నగా స్టేజీ అంచున దీపాల దగ్గరికి వచ్చింది. నోరు తెరవబోయి ఆగింది. నోట్లో సూదులు! ఒకటి తీసి రొమ్ము మీద గుడ్డకు గుచ్చుకుంది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రెండోది తీసింది. నవ్వు ఒక వరస పాకింది. మూడు. నాలుగు. తొందరేమీ లేదు ఆమెకు, సూది ఎప్పుడూ కింద పడెయ్యదు. ఐదోదానికి పై బాల్కనీ మొత్తం లెక్కపెడుతోంది. "ఆరూ!" అని అరిచారు. "ఏడూ!"

అప్పుడు జనం వంక చూసి, మిల్లు అవతలి గోడకు వినిపించే ఆ గొంతుతో అంది:

"అందరికీ కొలతలు తీశాను. నాకు తీసేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

హాలు పేలిపోయింది. నిజంగా చెప్తున్నాను, పైనుంచి నారింజ తొక్కలు రాలాయి. పెప్లో మహానటుడు కదా, ఒక్క అంగలో వచ్చి ఆమె మెడలో టేపు లాగి ఆమె తల చుట్టూ చుట్టి, కొలత చూసి మూర్ఛపోయినట్టు పడిపోయాడు. బ్యాండు అందుకుంది. తెర పడింది, లేచింది, పడింది, లేచింది, పదకొండుసార్లు. డోర్కాసమ్మ అక్కడే నిలబడి ఉంది. రెండు చెంపలూ పొయ్యి ముందు కూచున్నట్టు ఎర్రబడ్డాయి.

"ఎలా ఉందమ్మా?" అన్నాను తెర వెనక.

"వేడిగా ఉందే" అంది. తర్వాత ఏప్రన్‌లో మొహం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పెప్లో కూడా ఏడ్చి, నేను ఏడవలేదన్నాడు.

ఆ తర్వాత తొమ్మిది వారాలు ఏ ఊరెళ్ళినా ఆ మాట ఆమెదే, ఆ ఏడు సూదులూ ఆమెవే. ప్రెస్టన్‌లో మూడో రోజుకే పిల్లకాయలు స్టేషన్లో ఆమెను చూసి ఏడు దాకా లెక్కపెట్టడం మొదలెట్టారు. లండన్ ఆయన ఆటను తీసుకున్నాడు. మాకందరికీ నేలమీద కాళ్ళు ఆనలేదు.

మార్చిలో లండన్‌లో మొదటి రిహార్సలు. లండన్ ఆయన చుట్ట పీలుస్తూ మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టాడు. డచెస్ వేషానికి మిస్ వెనీషియా క్వెల్ అని ఒక పెద్ద తారను పెట్టాడు. అందం ఉంది, ఒప్పుకోక తప్పదు. జ్ఞాపకశక్తి మాత్రం జల్లెడ. తన పాటలే గొడుగు లోపల రాసుకుని పాడుతుంది.

"ఆఖరి మాట మిస్ వెనీషియా చెప్తారు" అన్నాడాయన. "ఆట ఎవరి మీద పడాలి? తార మీద. దర్జీ ఆవిడ మీద కాదు. నలభై దాటిన మనిషిని చూడ్డానికి లండన్‌లో ఎవరొస్తారయ్యా?"

డోర్కాసమ్మ అక్కడే ఉంది. మిస్ వెనీషియా కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూచుని అంచు మడత పెడుతోంది.

పెప్లో గొంతు సవరించుకున్నాడు. "అది కాదు దొరగారూ. డచెస్‌కి అప్పటికే పెళ్ళయిపోతుంది కదా. ఆ మాట ఆవిడ నోట్లో పెడితే పెళ్ళికొడుకు ఏమనుకుంటాడు? అర్థం ఉండొద్దూ?"

"పాటల నాటకంలో అర్థం ఎవడిక్కావాలి? దీవిలోకి ఎందుకెళ్ళారో మీలో ఒక్కడు చెప్పండి చూద్దాం!"

ఎవరూ చెప్పలేకపోయారు.

"క్రాబ్‌ట్రీ గారూ, మీరైనా చెప్పండి!" అన్నాను నేను. ఆయన తన బూట్ల వంక చూసుకున్నాడు. డోర్కాసమ్మ మాత్రం సూదుల మధ్య నుంచి, "అలాగేనండీ. కాస్త ఇటు తిరగండమ్మా, నడుం దగ్గర వదులుగా ఉంది" అంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత కోపం వచ్చింది. నా కోపం మంచిది కాదు. ఆ సాయంత్రం ఉడికించిన మాంసం ముందు పెట్టుకుని పెప్లోతో గంటసేపు లండన్‌ని తిట్టాను.

కొత్త థియేటరు, కొత్త తార, కాబట్టి ఆచారం మళ్ళీ మొదటికొచ్చింది. ఆఖరి మాట రిహార్సల్లో అనకూడదు. పుస్తకంలో ఖాళీ. మూడు వారాలు మిస్ వెనీషియా "లలలా" అంది. లండన్ ఆయన కూడా క్రాబ్‌ట్రీకి తీసిపోని శకునాల పిచ్చివాడు, చుట్ట కూడా మూడుసార్లు తిప్పి గానీ వెలిగించడు. రాసినాయన కొత్త చీటీ ఇచ్చాడు. మిస్ వెనీషియా దాన్ని తన తెల్ల తోలు గ్లవ్ మీద, మణికట్టు వెనక, సన్నటి పెన్సిలుతో రాసుకుంది. కుడి చెయ్యి. అందరికీ చూపించింది కూడా. "ఎంత తెలివో చూడండి!" అంది. పెప్లో నా వంక చూశాడు. నేను పెప్లో వంక చూశాను. ఆయన మనసులో ఏముందో గానీ, నా మనసులో ఉన్నదాన్ని మాత్రం దేవుడే క్షమించాలి.

మొదటి ఆట రోజు సాయంత్రం నాలుగు గంటలకు ఆ గ్లవ్స్ బట్టల గదిలో బల్ల మీద ఉన్నాయి, బొత్తాం ఊడిందని కుట్టడానికి. డోర్కాసమ్మ బొత్తాం కుట్టేసి, "పొద్దున్నుంచి పచ్చి గంగ ముట్టలేదే, కింద కొట్లో ఒక రొట్టె తెచ్చుకుంటా, కాస్త చూస్తుండు" అని వెళ్ళింది.

కాస్త చూశాను. గ్లవ్ నన్ను చూసింది. మూల అలమరలో బెంజీను సీసా నన్ను చూసింది.

నేను చేసింది తప్పే. ఒక ఆడకూతురు మొదటిరోజు ఆటను చెడగొట్టబోయాను. అదంతా అప్పుడు తట్టలేదు. హడర్స్‌ఫీల్డ్‌లో ఎర్రబడ్డ ఆ రెండు చెంపలే కళ్ళముందు ఉన్నాయి. గుడ్డ పేలిక తడిపి మూడుసార్లు రుద్దాను. మణికట్టు వెనక రాత ఉన్నచోట పాల తెలుపు. గ్లవ్‌ని ఎక్కడిదక్కడ పెట్టి, కిటికీ తీసి, విసనకర్రతో కంపును వీధిలోకి తోలాను. డోర్కాసమ్మ వచ్చేసరికి బల్ల మీద కూచుని కాళ్ళూపుతున్నాను. ఆమె ఏమీ అనలేదు. రొట్టె కూడా కనపడలేదు. దారిలోనే తినేసి ఉంటుందనుకున్నాను.

కంపు మాత్రం నా చేతులకు పట్టేసింది. సబ్బుతో రుద్దాను, సెంటు పోశాను, లాభం లేదు. మొదటి అంకంలో నాతో నాట్యం చేసే కుర్రాడు ముక్కు చిట్లించి, "ఏం సెంటు కొట్టావ్?" అన్నాడు.

"ప్యారిస్ నుంచి తెప్పించా. నీలాంటి వాడికేం తెలుస్తుందిలే, తిరుగు!" అన్నాను.

మూడో అంకం. ఏడు పెళ్ళిళ్ళు. బ్యాండు ఆగింది. మిస్ వెనీషియా దీపాల ముందుకు వచ్చి, మనోహరంగా చెయ్యెత్తి, మణికట్టు చూసుకుంది.

ఆ మొహం మాడిపోవడం ఇప్పటికీ నా కళ్ళముందుంది. జాలేసింది, అబద్ధమెందుకు. ఎడమ చెయ్యి చూసింది. పెప్లో వంక చూసింది. పెప్లో పైకప్పులో బొమ్మలు చూస్తున్నాడు, చర్చిలోకి వచ్చినట్టు. దొర వేషంవాడు బూట్ల లేసులు చూస్తున్నాడు. స్టేజీ మీద మేం నలభై మందిమి. ఆ మాట నలభై మందికీ తెలుసు. తొమ్మిది వారాలు రోజూ విన్నాం. ఒక్కడు నోరు మెదిపితే ఒట్టు! వింగులో క్రాబ్‌ట్రీ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు. బాక్సులో లండన్ ఆయన నోట్లోంచి చుట్ట జారి ఒళ్ళో పడింది.

డోర్కాసమ్మ వింగులోనే ఉంది. ఆమె రాలేదు.

ఇది నేను అనుకోలేదు సుమా! ఆ మాట ఇక తనది కాదని నమ్మేసిందనుకున్నాను.  ఇంతా చేసి ఆట చంపేశానా ఏంటి? ఇక ఉండబట్టలేక నలుగురు పెళ్ళికూతుళ్ళను తోసుకుంటూ వింగు దాకా వెళ్ళి, "రావమ్మా, కాళ్ళు మొక్కుతా!" అన్నాను.

"ఆ మాట ఆవిడదే" అంది సూదుల మధ్య నుంచి.

"ఆవిడ దగ్గర లేదమ్మా! మాట అనేవాళ్ళు లేక ఆట చచ్చిపోతోంది!"

ఆమె మిస్ వెనీషియా వంక చూసింది. ఆ పిల్ల పెదవులు వణుకుతున్నాయి. ఎవరికి బట్టలు తొడిగినా వాళ్ళు తన బిడ్డలే ఆమెకు. అంతే, నడిచొచ్చేసింది. మిస్ వెనీషియా పక్కన నిలబడి, ముందు ఆ పిల్ల భుజం మీద జారిన గౌను సర్దింది. తర్వాత ఒక్కొక్క సూదీ తీసింది. లండన్ జనం ఎప్పుడూ వినలేదు, చూడలేదు. అయినా నాలుగో సూదికి వాళ్ళూ లెక్క మొదలెట్టారు. పట్టుబట్టల దొరసానులు "ఆరూ!" అని అరవడం నేను చెవులారా విన్నాను.

మాట పడింది. హాలు ఎగిరిపోయింది. ఈసారి ఆమె తల కొలిచింది మిస్ వెనీషియా. ఎవరూ చెప్పకుండానే టేపు అందుకుని, కొలిచి, ఆ నుదుటి మీద ముద్దు పెట్టింది. అప్పట్నుంచి నేను ఆవిడను ఒక్క మాట అనలేదు. అననివ్వలేదు కూడా.

మర్నాడు పేపర్లన్నీ ఆ ఏడు సూదుల గురించే రాశాయి. లండన్ ఆయన అది తన ఆలోచనే అని రెండు పేపర్లకు చెప్పాడు. మిస్ వెనీషియా తన చేతికి చెమట పట్టి రాత చెరిగిందని తనను తానే తిట్టుకుంది. నాలుగు వందల పన్నెండు ఆటలు ఆడింది 'టోపీల డచెస్'. నాలుగు వందల పన్నెండుసార్లు డోర్కాసమ్మ నడిచొచ్చింది. ఒక్కసారి కూడా ఆ మాటను స్టేజీ బయట అనలేదు. పుట్టినరోజు విందులో మేం కాళ్ళావేళ్ళా పడ్డా, "తప్పమ్మా, అపశకునం" అనేది.

నాకు మాత్రం ఆ బెంజీను గొంతులో అడ్డం పడింది. ఆమె ఎప్పుడైనా, "చూశావా, ఆ మాట నాకే రాసిపెట్టి ఉంది, లేకపోతే మణికట్టు వెనక చెమట ఎవరికైనా పడుతుందా?" అనేది. అన్నప్పుడల్లా నేను దగ్గేదాన్ని. చెప్తే ఆ సంతోషం చెడుతుంది. చెప్పకపోతే నేను చెడతాను. పదకొండేళ్ళు అలాగే దగ్గాను. నాకు ఛాతీ జబ్బేమో అని ఆమె ఆవపిండి పట్టు కూడా వేసింది!

పంతొమ్మిది వందల ఇరవైలో, కంటిచూపు తగ్గి సూదిలో దారం ఎక్కకపోతుంటే, ఆమె కంపెనీ వదిలి మోర్‌కాంబ్‌లో అక్క దగ్గరికి బయల్దేరింది. స్టేషన్‌కి నేనే దిగబెట్టాను. రైలు కదలడానికి పది నిమిషాలుంది. సంచీలోంచి టిష్యూ కాగితంలో చుట్టినదేదో తీసి నా ఒళ్ళో పెట్టింది. విప్పి చూశాను. తెల్ల తోలు గ్లవ్. కుడిచేతిది.

నా ప్రాణం అక్కడికక్కడే పోయింది.

"వాసన చూడు" అంది.

పదకొండేళ్ళ తర్వాత వాసనేం ఉంటుంది? అయినా చూశాను.  "అమ్మా, నేను..." అన్నాను.

"నేను గ్లవ్స్ దేంతో శుభ్రం చేస్తానే?"

"రొట్టెతో."

"మరి ఆ సాయంత్రం ఇది బెంజీను కంపు ఎందుకు కొట్టింది? నీ చేతులెందుకు కొట్టాయి? ప్యారిస్ సెంటట! ఆ కుర్రాడు నమ్మాడేమో గానీ, నేను నమ్ముతానా?"

"తెలిసి కూడా అందరితో చెమట అని చెప్పావా?" నాకు ఏడుపు వచ్చేసింది. "నీ సంతోషం పాడవుతుందని పదకొండేళ్ళు నోరు కట్టేసుకున్నానమ్మా. తప్పు చేశాను. నువ్వైతే చచ్చినా అలాంటి పని చెయ్యవు."

డోర్కాసమ్మ నోట్లోంచి సూదులు తీసింది. రైలెక్కి కూచున్నా ఆ సూదులు వదల్లేదు చూడండి.

"నేను కొట్టు నుంచి వచ్చేసరికి నువ్వు రుద్దుతున్నావు. తలుపు సందులోంచి చూశా" అంది. "ఆ రొట్టె తినడానికని తెచ్చాననుకున్నావా?"

గార్డు ఈల వేశాడు.

"నువ్వు ముందే కానిచ్చేశావు కదాని మెట్ల మీద కూచుని తినేశా" అంది. "మరి పొద్దున్నుంచి పచ్చి గంగ ముట్టలేదు కదే."